కాకి వాలింది, తాటిపండు పడింది

2009 జులైలో అప్పటి ఖమ్మం జిల్లాలో మూడు మండలాల ఆడపిల్లలకు ఒక కొత్త టీకా వేయడం మొదలుపెట్టారు. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం. పదేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ లోపు పిల్లలు, దాదాపు 14 వేల మంది. వాళ్ళలో చాలామంది అమ్మానాన్నలకు దూరంగా హాస్టళ్ళలో ఉండి చదువుకుంటున్న గిరిజన పిల్లలు. టీకా పేరు గార్డసిల్. అమెరికా కంపెనీ మెర్క్ ఉచితంగా ఇచ్చింది. పాథ్ అనే అమెరికా స్వచ్ఛంద సంస్థ, మన ఐసీఎంఆర్, రాష్ట్ర ఆరోగ్య శాఖ కలిసి తలకెత్తుకున్న పని అది. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇదే పని జరిగింది, అక్కడ వేసింది వేరే కంపెనీ టీకా. మొత్తం మూడు డోసులు: ఒకటి వేశాక రెండు నెలలకు రెండోది, ఆరో నెలలో మూడోది.

మూడో డోసు వేసిన రోజుల్లోనే కబురు పొక్కింది. సూది వేయించుకున్న పిల్లలు చనిపోతున్నారని. 2010 మార్చిలో ఢిల్లీ నుంచి మహిళా ఆరోగ్య కార్యకర్తల బృందం భద్రాచలం వచ్చి హాస్టళ్ళు తిరిగింది. ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం కార్యక్రమాన్ని ఆపేసి విచారణ సంఘం వేసింది. లెక్క తేలేసరికి ఖమ్మంలో ఐదు, వడోదరలో రెండు, మొత్తం ఏడు మరణాలు.

ఒక పిల్ల క్వారీ గుంటలో మునిగిపోయింది. ఒక పిల్లను పాము కరిచింది. ఇద్దరు పురుగుమందు తాగారు. ఒకరికి మలేరియా ముదిరింది. మిగిలిన ఇద్దరిలో ఒకరు తీవ్రమైన జ్వరంతో, మరొకరు బహుశా మెదడులో రక్తస్రావంతో పోయారు. ఈ చివరి రెండింటికీ టీకాతో సంబంధం ఉండే అవకాశం లేదనే సంఘం అభిప్రాయపడింది. మొదటి ఐదింటి సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

అయితే చెప్పాల్సింది మిగిలే ఉంది. పాము కాటుకు పోయిన పిల్ల తల్లికి సూది మీద అనుమానం రాకపోవచ్చు. జ్వరంతో పోయిన పిల్ల తల్లికి రాకుండా ఎలా ఉంటుంది? మొన్ననే సూది వేశారు, ఇవాళ పిల్ల లేదు. ఆమె అజ్ఞానంతో అనుమానించలేదు. మనిషి బుర్ర అలాగే పనిచేస్తుంది. ముందు జరిగినదాన్ని వెనక జరిగినదానికి ముడేస్తుంది. పచ్చి మామిడికాయ తిన్న రోజే జ్వరం వస్తే ఆ నింద మామిడికాయదే.

మన పెద్దలు దీనికి ఎప్పుడో పేరు పెట్టారు. కాకతాళీయ న్యాయం. కాకి వచ్చి తాటిచెట్టు మీద వాలింది, అదే క్షణంలో పండు రాలింది. చూసినవాడు కాకి బరువుకే పండు పడిందనుకున్నాడు. కాకతాళీయం అనే మాట రోజూ వాడతాం గానీ, అందులో ఒక కాకీ ఒక తాటిచెట్టూ దాగి ఉన్నాయన్న సంగతి మరిచిపోయాం. టీకాల భద్రతను పరీక్షించే శాస్త్రమంతా ఆ చెట్టు కిందే నడుస్తుంది. కాకిని ఊరికే నిర్దోషి అని వదిలేయడానికి కూడా వీల్లేదు మరి. ఒక్కోసారి అది నిజంగానే పండును తన్ని పడేస్తుంది.

తేల్చాలంటే చెట్టు కింద కూర్చుని లెక్కపెట్టడం తప్ప దారి లేదు. కాకి వాలిన రోజుల్లో ఎన్ని పండ్లు రాలాయి, వాలని రోజుల్లో ఎన్ని?

ఖమ్మం లెక్కే వేసి చూద్దాం. పది నుంచి పద్నాలుగేళ్ళ వయసులో మరణాలు చాలా తక్కువ, ఏడాదికి వెయ్యిమందిలో ఒకరు కూడా ఉండరు. రెండు వేల మందికి ఒకరు అనుకుందాం. 14 వేల మంది పిల్లల్ని ఏడాది పాటు గమనిస్తే, ఏ సూదీ వేయకపోయినా, ఏడుగురు పోతారు. జులై నుంచి ఏప్రిల్ దాకా తొమ్మిది నెలలకు ఐదుగురు. ఇది ముతక లెక్కే, ఒకటి అటూ ఇటూ అవుతుంది. కానీ మలేరియా, పాములు, పత్తి చేలకూ మిర్చి తోటలకూ కొట్టే పురుగుమందు డబ్బాలు ప్రతి ఇంట్లో ఉండే ప్రాంతంలో ఐదు మరణాలు టీకా వల్ల పెరిగిన మరణాలని చెప్పడానికి ఆధారం దొరకదు. పసిపిల్లల విషయంలో ఈ చిక్కు మరీ ఎక్కువ. మన దేశంలో పుట్టిన వెయ్యిమందిలో పాతికమంది దాకా ఏడాది నిండకుండానే కన్నుమూస్తారు. ఆ ఏడాదిలోనే పుట్టగానే, ఆరో వారం, పదో వారం, పద్నాలుగో వారం, తొమ్మిదో నెల అంటూ టీకాలన్నీ వరుసకడతాయి. ఆ చెట్టు మీద కాకి వాలని వారమే అరుదు.

కాకి నిజంగా తప్పు చేసిన కథ కూడా చెప్పుకోవాలి, లేకపోతే ఇది వకాల్తా అయిపోతుంది. 1998 ఆగస్టులో అమెరికాలో రోటాషీల్డ్ అనే టీకాకు అనుమతి వచ్చింది. పసిపిల్లల్లో నీళ్ళ విరేచనాలు తెచ్చే రోటావైరస్‌కు విరుగుడు. అప్పట్లో ఆ వైరస్ ప్రపంచమంతటా ఏటా లక్షలాది పిల్లల్ని పొట్టన పెట్టుకుంటోంది. అనుమతికి ముందు సుమారు పదివేల మంది పిల్లల మీద పరీక్షించారు. పేగు ఒకదాంట్లోకి ఒకటి దూరిపోయే జబ్బు ఐదుగురిలో కనిపించింది గానీ, అది మామూలుగా కూడా పిల్లలకు వచ్చేదే కాబట్టి తేల్చి చెప్పలేకపోయారు. టీకా లక్షల మందికి వేశాక, డాక్టర్లు ఎవరికి వారు పంపిన ఫిర్యాదుల్లో అదే జబ్బు మళ్ళీ మళ్ళీ కనిపించింది. మొదట పదిహేను కేసులు. అంతే, 1999 జులైలో ఆపేశారు. అక్టోబరుకల్లా కంపెనీ టీకాను మార్కెట్ నుంచి ఉపసంహరించుకుంది. తర్వాత తేలిన ముప్పు దాదాపు పదివేల మందికి ఒకరు. పదివేల మందికి ఒకరికి వచ్చే ఇబ్బంది పదివేల మందితో చేసిన పరీక్షలో పట్టుబడకపోవడం వింతేమీ కాదు. అందుకే ఆ తర్వాత వచ్చిన రెండు విదేశీ రోటా టీకాలను ఒక్కోదాన్ని అరవై వేలకు పైగా పిల్లల మీద పరీక్షించాకే బయటికి వదిలారు.

మన దగ్గరి రోటావాక్ సంగతి. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసింది. ఢిల్లీలో అప్పుడే పుట్టిన బిడ్డల్లో దొరికిన, వాళ్ళకు జబ్బు చేయని ఒక వైరస్ రకమే దాని విత్తనం. 2016లో ప్రభుత్వ కార్యక్రమంలోకి వచ్చినప్పుడు మొదటి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పరీక్షల్లో పాల్గొన్నది 6,799 మంది పిల్లలే కాబట్టి, పేగు జబ్బు సంగతి వాడకంలోకి వచ్చాక కనిపెట్టి చూడాల్సి వచ్చింది. ఎలా చూశారన్నది నాకు భలే నచ్చిన విషయం. పేగు జబ్బుతో ఆసుపత్రిలో చేరిన పిల్లల్ని తీసుకున్నారు. ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చిన రోజు, టీకా వేసిన రోజు రాసుకున్నారు. టీకా వేసిన తర్వాతి మూడు వారాల్లో జబ్బులు కుప్పబడ్డాయా, లేక మిగతా వారాల్లో లాగే చెదురుమదురుగా ఉన్నాయా అని చూశారు. ఇక్కడ బిడ్డను పోల్చేది ఆ బిడ్డతోనే. పేద ఇల్లు, తల్లి పాలు, ఊరి నీళ్ళు, అన్నీ రెండు వైపులా ఒకటే. తేడా కాకి ఒక్కటే. కుప్ప కనిపించలేదు.

కోవిడ్ కాలంలోనూ ఈ లెక్కపెట్టడమే జరిగింది, కాకపోతే వారాల్లో. 2021 మార్చిలో యూరప్‌లో ఆస్ట్రాజెనెకా టీకా వేయించుకున్న కొందరికి రక్తం గడ్డకట్టడం, అదే సమయంలో ప్లేట్‌లెట్లు పడిపోవడం అనే వింత జోడీ కనిపించింది. ప్లేట్‌లెట్లు విడుదల చేసే ఒక ప్రొటీన్ మీద శరీరం యాంటీబాడీలు తయారుచేసుకుంటోందని త్వరలోనే తేల్చారు. ఏప్రిల్ కల్లా బ్రిటన్ ముప్పై ఏళ్ళ లోపు వాళ్ళకు వేరే టీకా ఇవ్వమంది. మన కోవిషీల్డ్ అదే టీకా. 2024లో ఆస్ట్రాజెనెకా కంపెనీ లండన్ కోర్టులో ఈ సంగతి ఒప్పుకుందన్న వార్త వచ్చినప్పుడు మన వాట్సాప్‌లన్నీ ఒక్కసారిగా ఉలిక్కిపడ్డాయి. మూడేళ్ళ కిందటే వైద్య పత్రికల్లో అచ్చయిన విషయం అది. కానీ మన వీధిలో ఎవరికీ ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన రోజున చెప్పని నిజం, తర్వాత బయటపడితే రహస్యంలా వినిపిస్తుంది.

గార్డసిల్‌కే వద్దాం. అసలు ఆ సీసాలో ఏముంది?

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మన ఆడవాళ్ళను ఏటా పెద్ద సంఖ్యలో బలి తీసుకుంటోంది. ఒక్క 2020లోనే దాదాపు 77 వేల మంది భారతీయ స్త్రీలు దానితో చనిపోయారని అంతర్జాతీయ క్యాన్సర్ సంస్థ అంచనా. దాదాపు ఈ క్యాన్సర్లన్నిటికీ మూలం హెచ్‌పీవీ అనే వైరస్. ఆ ముడి విప్పినందుకే జర్మన్ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ వచ్చింది. వైరస్ రకాలు వందకు పైనే ఉన్నా, 16, 18 నంబర్ల రకాలే పదింట ఏడు క్యాన్సర్లకు కారణం. శారీరక సంబంధం ద్వారా అంటుకుంటుంది. చాలామందిలో ఏడాదీ రెండేళ్ళలో దానంతట అదే పోతుంది. పోకుండా తిష్ట వేసిన కొద్దిమందిలో పదిహేను, ఇరవై ఏళ్ళు నానబెట్టి క్యాన్సర్ అవుతుంది. ఒకసారి లోపల తిష్ట వేసిన వైరస్‌ను టీకా తరమలేదు. అందుకే అది రాకముందే, చిన్న వయసులోనే వేయాలి. "పదేళ్ళ పిల్లకు ఇదేం సూది" అని తల్లులు మొహం చిట్లించడానికి కారణం ఇదే. జవాబు సులువే, కానీ దాన్ని నోరు తెరిచి చెప్పడానికి హాస్టల్ వార్డెన్‌కూ మొహమాటమే, మాస్టారికీ మొహమాటమే.

టీకాలో వైరస్ లేదు. చచ్చిన వైరస్ కూడా లేదు. వేరుశనక్కాయ ఊహించుకోండి. గింజ తీసేసి, డొల్లను మళ్ళీ అతికిస్తే పైకి కాయలాగే ఉంటుంది, విత్తితే మాత్రం మొలవదు. హెచ్‌పీవీ పైపొర ఒకే రకం ప్రొటీన్ ముక్కలతో కట్టిన గోడ. ఆ ప్రొటీన్ తయారీ సూత్రాన్ని ఈస్ట్‌లోకి ఎక్కిస్తారు. బ్రెడ్డు పొంగడానికి వేసే ఈస్టే. అది ప్రొటీన్‌ను కుప్పలుగా తయారుచేస్తుంది. ఆ ముక్కలు ఐదేసి కలిసి గుత్తి కడతాయి, 72 గుత్తులు కలిసి వాటంతట అవే గుండ్రటి డొల్ల అవుతాయి. లోపల జన్యువు లేదు. కాబట్టి అది పెరగలేదు, జబ్బు చేయలేదు. మన రక్తంలోని కావలి కణాలకు మాత్రం గోడ చూస్తే చాలు, దొంగ ఆనవాలు దొరికినట్టే. ఈస్ట్‌తో టీకా చేసే ఈ విద్య మన హైదరాబాద్‌కు అప్పటికే కొత్త కాదు. 1997లో శాంతా బయోటెక్నిక్స్ ఈస్ట్ సాయంతోనే హెపటైటిస్-బి టీకాను తయారుచేసి, దిగుమతి సరుకు ధరను నేలకు దించింది. లివర్ క్యాన్సర్‌ను ముందే ఆపే ఆ టీకాను మన పిల్లలకు పుట్టిన రోజునే వేస్తున్నారు, దాని మీద ఏ గొడవా లేదు.

డొల్లలతో పాటు సీసాలో అల్యూమినియం లవణం కొంచెం ఉంటుంది. విష లోహం అని భయపెట్టే సందేశాలు మీకూ వచ్చే ఉంటాయి. 1926లో లండన్‌లో అలెగ్జాండర్ గ్లెన్నీ అనే ఆయన కంఠసర్పి టీకాలో పటిక కలిపితే అది బాగా పట్టడం గమనించాడు. మంగలి షాపులో గడ్డం గీశాక రుద్దే పటికే, బురద నీళ్ళు తేరడానికి బిందెలో తిప్పే పటికే. ఇప్పుడు వాడేవి దాని చుట్టాలు. టీకా మందును సూది దిగినచోట కాసేపు పట్టి ఉంచి, కావలి కణాలను అక్కడికి పిలుస్తాయి. గార్డసిల్ డోసులో ఉండేది మిల్లీగ్రాములో పావు వంతు కూడా కాదు. సూది వేసినచోట గట్టిపడటం, ఎర్రబారడం, ఒక రాత్రి జ్వరం, ఇవన్నీ ఆ పిలుపు వల్లే.

పనిచేస్తుందా అంటే, స్వీడన్‌లో 16 లక్షలకు పైగా అమ్మాయిల రికార్డులు చూశారు. పదిహేడేళ్ళ లోపు వేయించుకున్న వాళ్ళలో ఈ క్యాన్సర్ 88 శాతం తగ్గింది. స్కాట్లాండ్‌లో పన్నెండు, పదమూడేళ్ళకు పూర్తిగా వేయించుకున్న అమ్మాయిల్లో ఒక్క కేసూ లేదని 2024లో తేలింది.

ఇంత మంచి టీకా ఖమ్మంలో ఎందుకు ఓడిపోయింది?

2013 ఆగస్టులో పార్లమెంటు ఆరోగ్య స్థాయీ సంఘం నివేదిక వచ్చింది. టీకా వల్ల పిల్లలు చనిపోయారని అది చెప్పలేదు. అది పట్టుకున్నది కాగితాలను. ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు ఉన్నాయి. 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు ఉన్నాయి. ఈ రెండు అంకెలూ ఒకసారి నెమ్మదిగా చదవండి. పోలవరం ముంపు గూడెంలోనో, గుట్ట మీదో ఉన్న తల్లికి తన కూతురికి సూది వేస్తున్న సంగతే తెలియదు. వార్డెనమ్మ సంతకం పెట్టేసింది. ప్రతికూల ఘటనలు వస్తే నమోదు చేసే ఏర్పాటు సరిగ్గా లేదని, పిల్లలకు బీమా లేదని, ఇది పేరుకు ప్రదర్శన కార్యక్రమం గానీ నిజానికి ఔషధ పరీక్షేనని కూడా సంఘం గట్టిగా అంది. పాథ్ ఒప్పుకోలేదు. అది ఔషధ పరీక్ష కాదని, తప్పేమీ చేయలేదని వాదించింది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది.

నా మటుకు నాకు తీర్పు స్పష్టంగానే ఉంది. టీకా తప్పు చేయలేదు. టీకా తెచ్చినవాళ్ళు చేశారు. ఈ రెండూ ఒకేసారి నిజమని ఒప్పుకునే ఓపిక మన చర్చల్లో ఉండదు. టీకా మంచిదన్నవాడు కాగితాల సంగతి ఎత్తడు. కాగితాలు ఎత్తినవాడు ఐదు శవాలనూ టీకా ఖాతాలో వేసేస్తాడు. పైగా చెట్టు కింద కూర్చుని లెక్కపెట్టే మనిషినే పెట్టనప్పుడు, కాకి నిర్దోషి అని తర్వాత ఎంత అరిచినా ఎవరు నమ్ముతారు?

సీసాలోని మందు ఒకటి, దాన్ని బిడ్డకు చేర్చే చేతులు ఇంకొకటి. ఈ తేడా పాతదే. 1902లో పంజాబ్‌లోని ముల్కోవాల్ అనే ఊళ్ళో ప్లేగు టీకా వేయించుకున్నవాళ్ళలో 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. టీకా కనిపెట్టిన హాఫ్‌కిన్ మీద నింద పడి పదవి పోయింది. చనిపోయినవాళ్ళందరికీ వేసింది ఒకే సీసాలోని మందు. దాని మూత తీస్తుండగా పట్టకారు నేల మీద పడితే, సరిగ్గా శుభ్రం చేయకుండానే మళ్ళీ వాడారు. ఈ సంగతి తేలి ఆయన పేరు కడిగేసరికి 1907 వచ్చింది. ఆయన తరఫున పత్రికల్లో ఉత్తరాలు రాసి పోరాడినవాళ్ళలో సికింద్రాబాద్‌లో మలేరియా గుట్టు విప్పిన రొనాల్డ్ రాస్ ఒకడు. 2019 మార్చిలో మన నాంపల్లిలో జరిగింది కూడా ఆ కోవలోదే. పట్టణ ఆరోగ్య కేంద్రంలో పసివాళ్ళకు టీకా వేసి, జ్వరం వస్తే వేయమని తల్లుల చేతిలో మాత్రలు పెట్టారు. పారాసెటమాల్ అనుకుని ఇచ్చినవి ట్రమడాల్, పెద్దవాళ్ళకు తీవ్రమైన నొప్పులకు వాడే మందు. పిల్లలు మత్తులోకి జారుకున్నారు. నీలోఫర్ ఆసుపత్రి నిండిపోయింది, పసిప్రాణాలు పోయాయి. ఇలాంటప్పుడు మన పత్రికలకు ఒక మాట సిద్ధంగా ఉంటుంది: టీకా వికటించి. ఆ వికటించిన మాట ఒక్కటి పది జిల్లాల తల్లుల చెవిన పడుతుంది. మాత్రల డబ్బా సంగతి నాలుగు రోజుల తర్వాత లోపలి పేజీలో వస్తుంది.

నిజాయితీ లేని భయం కూడా ఉంటుంది, దాని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 1998లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే బ్రిటిష్ డాక్టరు పన్నెండు మంది పిల్లల్ని చూపించి, తట్టు-గవదబిళ్ళల టీకాకూ ఆటిజానికీ ముడేశాడు. పన్నెండేళ్ళకు, దాన్ని అచ్చువేసిన వైద్య పత్రికే ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకుంది, అతని డాక్టరు పట్టా పోయింది. డెన్మార్క్‌లో ఆరున్నర లక్షల మంది పిల్లల లెక్కలు తీస్తే ఏ ముడీ లేదు. ఇవాళ్టికీ ఆ పుకారు బతికే ఉంది.

జపాన్ కథ వేరు. అక్కడ ప్రజలకు చదువుంది, డబ్బుంది, ఆసుపత్రులున్నాయి. 2013లో హెచ్‌పీవీ టీకా వేయించుకున్న కొందరు అమ్మాయిలు ఒళ్ళునొప్పులతో నడవలేకపోతున్న వీడియోలు టీవీల్లో వచ్చాయి. ప్రభుత్వం టీకాను నిషేధించలేదు, వేయించుకోమని చెప్పడం మాత్రం మానేసింది. ఆ మౌనం చాలు, డెబ్భై శాతం దాకా ఉన్న టీకా వేయించుకునేవాళ్ళు ఒక శాతం కిందికి పడిపోయారు. నగోయా నగరంలో దాదాపు 30 వేల మంది అమ్మాయిలను 24 రకాల బాధల గురించి అడిగితే, వేయించుకున్నవాళ్ళకూ లేనివాళ్ళకూ తేడా లేదు. ప్రభుత్వం మళ్ళీ నోరు తెరిచింది 2022లో.

మన దగ్గర కోవాగ్జిన్ రోజులు గుర్తున్నాయా? 2021 జనవరి 3న అనుమతి వచ్చేసరికి మూడో దశ పరీక్షల ఫలితాలు ఇంకా రాలేదు. వేయించుకునేవాళ్ళు ప్రత్యేకంగా పత్రం మీద సంతకం పెట్టాల్సి వచ్చింది. రెండు టీకాల్లో ఏది కావాలో ఎంచుకునే వీల్లేదు. ఢిల్లీలో రెసిడెంట్ డాక్టర్లే కొందరు వెనకాడారు. వాళ్ళను ఎవరూ చదువురానివాళ్ళు అనలేదు. తర్వాత ఫలితాలు వచ్చాయి, దాదాపు 25,800 మంది మీద పరీక్షిస్తే 77.8 శాతం రక్షణ. జనం వేయించుకున్నారు. సందేహించడం తప్పయితే ఆ డాక్టర్లదీ తప్పే. సందేహానికి జవాబు వచ్చాక చెయ్యి చాపడం, అది రాకముందు ఆగడం, రెండూ ఒకే బుద్ధి.

ఖమ్మం గొడవకు ఒక విచిత్రమైన కొసరు ఉంది. అదే 2009లో, వేరే పరిశోధకులు భారతదేశంలోనే హెచ్‌పీవీ టీకా రెండు డోసులు చాలా, మూడు కావాలా అని పోల్చి చూసే అధ్యయనం మొదలుపెట్టారు. లక్ష్యం 20 వేల మంది పిల్లలు. 17,729 మందికి మొదలయ్యేసరికి 2010 ఏప్రిల్‌లో దేశమంతా హెచ్‌పీవీ పరీక్షలు ఆపేయమన్న ఆదేశం వచ్చింది. దాంతో దాదాపు ఐదు వేల మంది పిల్లలు ఒక్క డోసుతోనే ఆగిపోయారు. ఏ పరిశోధకుడూ కావాలని అలాంటి గుంపును తయారుచేయడు. కానీ ఆ పిల్లల్ని వదిలేయకుండా పదేళ్ళు గమనించారు. 16, 18 రకాల వైరస్ తిష్ట వేయకుండా ఆపడంలో ఒక్క డోసు 95 శాతం పనిచేసింది, మూడు డోసులకు దాదాపు సమానంగా. 2022 ఏప్రిల్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఒక్క డోసు చాలునన్నారు. ఆ నిర్ణయం వెనకున్న కాగితాల్లో ఈ పిల్లల లెక్కలూ ఉన్నాయి. మూడు సూదులకయ్యే ఖర్చుతో ఇప్పుడు ముగ్గురు పిల్లలను కాపాడొచ్చు.

2024లో ఖమ్మం వైపు ఒక ఊరికి వెళ్ళినప్పుడు బుధవారం అంగన్‌వాడీ దగ్గర కాసేపు ఆగాను. బుధ, శనివారాలు టీకాల రోజులు. గుమ్మం పక్కన నీలం రంగు టీకాల డబ్బా, అందులో నాలుగు ఐసు ప్యాకెట్ల మధ్య సీసాలు. ఒక తల్లి, పాతికేళ్ళుంటాయేమో ఆమెకు, చంకలో మూడు నెలల బిడ్డతో వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"పోయినసారి సూదేసినంక పిల్ల మూడొద్దులు కాలు కదపనియ్యలే నర్సమ్మా. రాత్రంతా ఏడుపే. ఈసారి వద్దంటున్నడు మా ఆయన."

నర్సమ్మ సూది తీయలేదు. "యాడ వాచింది, చూపియ్యి బిడ్డా" అని తొడ మీద వేలితో తడిమింది. చిన్న గడ్డ చేతికి తగిలింది. "వేడి లేదు, చీము లేదు. మందు అక్కడ పట్టుకుంటది, అందుకే గట్టిపడ్డది. ఇంకో నెలకు కరిగిపోతది. ఈసారి రెండో కాలికేస్తా. జరమొస్తే చుక్కల మందు ఎంతెయ్యాలో కార్డు మీద రాస్తా. ఫిట్స్ వచ్చినా, పాలు తాగకపోయినా అర్ధరాత్రయినా నాకు ఫోన్ చెయ్యి."

"ఎండన బడి తెస్తరు గద, మందు పాడు గాలేదా?"

నర్సమ్మ సీసా తీసి ఆమె చేతికే ఇచ్చింది. సీసా మీద ఊదా రంగు చుక్క, దాని నడుమ తెల్లటి చిన్న చదరం. "ఈ తెల్లది చుట్టున్న రంగులో కలిసిపోయిందనుకో, పారబోస్తం. ఇంకా తెల్లగనే ఉన్నది చూడు."

ఆమె సీసాను వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూసింది. చుట్టూ ఉన్న తల్లులూ తొంగి చూశారు. "నీ పిల్లలకు గూడా ఇదే ఏయించినవా?"

"ఈ చేత్తోనే ఏసిన."

నేను మనసులో లెక్క వేసుకున్నాను. 2009లో ఈమెకు పదేళ్ళు. అడగలేదు. అడిగే సందర్భమూ కాదది. ఆమె చాప మీద కూర్చుని బిడ్డ కాలు పట్టుకుంది. బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది, పాలు పట్టగానే ఊరుకుంది. అరగంట కూర్చోమన్నారు కాబట్టి కూర్చుంది. లేచేటప్పుడు కార్డు విప్పి, వచ్చే సూది తేదీ మీద వేలు పెట్టి, ఇది బుధవారమేనా అని మరొకసారి అడిగింది.